ఒకే ఆకాశంలో పదకొండు పిడుగులు: దీన్ని ఫోటో అనవచ్చా?

ముసురుగాలి:
పోయిన వారం ఇక్కడ అందరూ మెచ్చుకున్న ఫోటో గురించి సూటిగా అడగాలనుకుంటున్నాను. 'దూరపు ఉరుము' గారు పెట్టినది. చీకటి నీటి మీద పదకొండు పిడుగులు ఒకేసారి దిగుతున్నట్టు ఉంటుంది. వివరణ చివరి వాక్యంలో "నలభై నిమిషాల్లో తీసిన ఫ్రేములు కలిపాను" అని ఉంది. ఆ వాక్యం దాకా ఎంతమంది చదివారు? కింద వచ్చిన స్పందనల్లో "ఒకేసారి ఇన్ని పిడుగులా!" అన్న మాటే పదే పదే కనిపించింది.

నేను తొమ్మిదేళ్ళుగా ఉరుముల మేఘాల వెంట తిరుగుతున్నాను. మధ్యాహ్నం దూది కుప్పలా మొదలైన మేఘం గంటలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పొంగి, ఇక పైకి ఎదగలేక కమ్మరి దాగలి ఆకారంలో పక్కలకు పరుచుకోవడం ఒకసారి చూసినవారికి మళ్ళీ మళ్ళీ చూడాలనిపిస్తుంది. చీకటి పడ్డాక ట్రైపాడ్ నిలబెడతాను. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) 100, అపెర్చర్ (కటకం తెరుచుకునే వెడల్పు) ఎఫ్ 8, ఒక్కో ఎక్స్‌పోజర్, అంటే షట్టరు తెరిచి ఉంచే సమయం, పదిహేను సెకన్లు, ఒకదాని వెనక ఒకటి. నాలుగు వందల ఫ్రేములు తీస్తే దాదాపు అన్నిటిలోనూ చీకటే ఉంటుంది. మెరుపు పడిన నాలుగైదింటిలో కూడా అది ఏ అంచునో తెగిపోయి ఉంటుంది. నాకు కావలసిన ఒక్క ఫ్రేము కోసం నాలుగేళ్ళు ఎదురుచూశాను.

1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ మెరుపును ఫోటో తీశాడు. అంతకు ముందు చిత్రకారులు మెరుపును రంపపు పళ్ళలా గీసేవారు. అది నిజానికి నదిలా పాయలు పాయలుగా చీలుతుందని ఫోటో చూపింది. మనిషి ఊహను సరిదిద్దిన పని అది. కలిపిన ఫోటోలతో మనం మళ్ళీ ఊహనే గీస్తున్నాం. వాటికి వేరే విభాగం పెట్టాలని కోరుతున్నాను.

కొత్త గొడుగు:
కలిపానని వారే రాశారు కదా. ఇంకా అభ్యంతరం ఏమిటి?

దూరపు ఉరుము:
ముసురుగాలి గారూ, నేను ఏదీ దాచలేదని మీరే ఒప్పుకున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు నా ప్రశ్న. మీ పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మొదటి సెకనులో ఒక పిడుగు, పన్నెండో సెకనులో ఇంకొకటి పడితే, ఫోటోలో రెండూ పక్కపక్కన ఒకేసారి దిగినట్టే కనిపిస్తాయి. అది నిజమా? షట్టరు నాలుగు నిమిషాలు తెరిచి ఉంచితే? గీత ఎక్కడ గీస్తారు?

అసలు మీరు ఒక్క పిడుగు అంటున్నది కూడా ఒక్కటి కాదు. ఒకే దారిలో మూడు నాలుగు సార్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువసార్లు విద్యుత్తు ప్రవహిస్తుంది. అదంతా అర సెకను లోపలే జరిగిపోతుంది. పిడుగు వణికినట్టు మన కంటికి కనిపించేది అందుకే. కటకం కదులుతూ ఉండే బోయ్స్ కెమెరాతో 1930లలో దక్షిణాఫ్రికాలో శాస్త్రవేత్త షోన్‌లాండ్ బృందం ఆ దెబ్బలను విడివిడిగా పట్టుకుంది. పిడుగు మేఘం నుంచి మెట్లు మెట్లుగా దిగుతుందని కూడా ఆ ఫోటోల్లోనే తెలిసింది. మీ కెమెరా ఆ దెబ్బలన్నిటినీ ఒకే గీతగా కలిపేస్తోంది. అంటే మీరూ కలుపుతున్నారు. మీరు షట్టరుతో కలుపుతారు, నేను కంప్యూటర్‌తో కలుపుతాను.

ముసురుగాలి:
అది మాటల గారడీ. నా గీత చాలా స్పష్టం: షట్టరు ఒక్కసారి తెరిచి, ఒక్కసారి మూయాలి. ఆ మధ్య ఆకాశం ఏమి ఇస్తే అది. ఏ పిడుగు ఉండాలో, ఏది వద్దో నేను ఎంచుకోలేను. మీరు ఎంచుకున్నారు.

మీ ఫోటోను పెద్దది చేసి చూశాను. ఎడమ నుంచి నాలుగో పిడుగు మొదలయ్యే చోట మేఘమే లేదు, నక్షత్రాలు ఉన్నాయి. ఉరుముల మేఘం గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో కదిలినా నలభై నిమిషాల్లో ఇరవై కిలోమీటర్లు జరిగిపోతుంది. మేఘం ఒక ఫ్రేములోది, పిడుగు ఇంకో ఫ్రేములోది. ఔనా, కాదా?

నల్లమబ్బు:
నాలుగోది కాదండీ, ఐదోది. ఎడమ చివర సన్నగా ఒకటి ఉంది, దాన్ని లెక్కించలేదు మీరు.

ముసురుగాలి:
నల్లమబ్బు గారూ, మళ్ళీ చూశాను. ఆ సన్నటిది నాలుగోదాని కొమ్మే. నాలుగోదే.

దూరపు ఉరుము:
పిడుగు మేఘం పక్క నుంచి బయటికి వచ్చి, నిర్మలంగా ఉన్న ఆకాశం మీదుగా పదిహేను కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. కాబట్టి పైన నక్షత్రాలు ఉన్నంత మాత్రాన అది అబద్ధం కాదు.

ముసురుగాలి:
పడగలదా లేదా అని అడగలేదు. మీ ఫోటోలో అలా పడిందా అని అడిగాను.

దూరపు ఉరుము:
లేదు. ఫ్రేములు కలిపేటప్పుడు ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న భాగమే పైకి వస్తుంది. అలా వదిలేస్తే కదిలిన మేఘం అలికినట్టు అయిపోతుంది. అందుకని మేఘాన్ని మొదటి ఫ్రేము నుంచే ఉంచాను. పిడుగులు తక్కిన వాటివి. ఆ ఒక్క చోట పొసగలేదు, గమనించలేదు. దాన్ని పట్టుకుని మొత్తం ఫోటో కల్పన అనడం న్యాయమా?

వాన గడియారం:
మీ ఇద్దరి మధ్యకు రావడం ఇష్టం లేదు కానీ నా ఇబ్బంది వేరే. షట్టరు ఎన్నిసార్లు తెరిచారన్నది నాకు ముఖ్యం కాదు, ఎంత సేపట్లో పడ్డాయన్నదే ముఖ్యం. నేను మేఘాలను ఫోటో తీయను, మెరుపులు లెక్కపెడతాను. నిమిషానికి ఎన్ని మెరిశాయో, మేఘం లోపలివి కూడా కలుపుకుని, పుస్తకంలో రాసుకుంటాను. ఆ సంఖ్య ఉన్నట్టుండి రెండింతలు, మూడింతలు అయిందంటే లోపల పైకి లేచే గాలి బలపడిందని గుర్తు. అలాంటప్పుడు ఆ తర్వాత కొద్ది నిమిషాల్లో పెద్ద వడగళ్ళో, విరుచుకుపడే ఈదురుగాలో రావచ్చు.

నలభై నిమిషాల్లో పదకొండు పిడుగులంటే నిదానంగా సాగుతున్న మేఘం. పదిహేను సెకన్లలో పదకొండు అంటే కెమెరా వదిలేసి పరుగెత్తాల్సిన మేఘం. ఆ ఫోటో మొదటిదాన్ని రెండోదిగా చూపుతోంది. కొత్తగా ఆకాశం చూడటం నేర్చుకునేవారు ఫోటోల నుంచే నేర్చుకుంటారు. ఇలాంటివి నాలుగు చూసినవారికి, నిజంగా ప్రమాదకరమైన మేఘం కళ్ళ ముందు ఉన్నప్పుడు, "ఫోటోల్లో చూసినంత లేదులే" అనిపిస్తుంది. నా భయం అది.

కొత్త గొడుగు:
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

ముసురుగాలి:
వాన గడియారం గారి మాట నా వాదాన్నే బలపరుస్తోంది. నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదు. మేఘాల పైన ఎర్రటి వెలుగులు చూశామని విమానాలు నడిపేవారు ఏళ్ళ తరబడి చెబితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు తక్కువ వెలుతురులో పనిచేసే వీడియో కెమెరాను పరీక్షిస్తుంటే అలాంటి వెలుగు అందులో అనుకోకుండా చిక్కింది. అప్పుడు నమ్మారు. కెమెరాలో పడిందంటే జరిగిందని అర్థం కనుక నమ్మారు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, మనసులో ఉంచుకోలేను. పోయిన వానాకాలం నేను ఒక పొలం గట్టు మీద ఉన్నాను. గాలి ఒక్కసారిగా చల్లబడింది, అంతవరకు అరిచిన కప్పలు ఆగిపోయాయి. వెలుగూ ఉరుమూ కలిసే వచ్చాయి, లెక్కపెట్టడానికి సమయమే లేదు. కళ్ళు తెరిచేసరికి చేతులు వణుకుతున్నాయి. నేను నాలుగేళ్ళు ఎదురుచూసిన ఫ్రేము అదే. కెమెరాలో ఆ పిడుగు ఉంది, వేర్లతో సహా, అది తాకిన నేలతో సహా. దాన్ని ఇక్కడ పెడితే వచ్చిన స్పందనలు నాలుగు. కిటికీ వెనక కూర్చుని, తీరిగ్గా కంప్యూటర్‌లో పేర్చుకున్న దానికేమో అభినందనల వాన. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నల్లమబ్బు:
లెక్కపెట్టడానికి సమయం లేదంటే ఒక సెకను లోపే. శబ్దం సెకనుకు 340 మీటర్లు. మీకూ ఆ పిడుగుకూ మధ్య అంతకన్నా తక్కువే ఉంది. అప్పుడు మీరు బయట నిలబడి ఉన్నారా?

ముసురుగాలి:
కారు పక్కనే ఉన్నాను. రబ్బరు టైర్లు ఉంటాయి కదా, అవసరమైతే లోపలికి వెళ్ళవచ్చు.

వాన గడియారం:
టైర్లకు దానితో సంబంధం లేదు. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదాన్ని జానెడు రబ్బరు ఏమి ఆపుతుంది? కారును కాపాడేది చుట్టూ ఉన్న లోహం. విద్యుత్తు దాని మీదుగా నేలలోకి పోతుంది. పైకప్పు లోహానిది అయి ఉండాలి, అద్దాలు మూసి ఉండాలి, లోహాన్ని తాకకూడదు. అది లోపల ఉన్నవారికి. పక్కన నిలబడినవారికి ఆ కారు ఏ విధంగానూ ఉపయోగపడదు. మెరుపు తర్వాత ముప్పై లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే అప్పటికే లోపల ఉండాలి. చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట అక్కడే ఉండాలి.

దూరపు ఉరుము:
కిటికీ వెనక అన్నారు. ఔను, కిటికీ వెనకే. ఎందుకో చెబుతాను. ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళ కిందట నేనూ ఒక స్నేహితుడూ చెరో ట్రైపాడ్ పెట్టుకుని నిలబడ్డాం. మా మీద ఇంకా చినుకు పడలేదు. మేఘం దూరంగా ఉందనే అనుకున్నాం. మాకు నలభై అడుగుల అవతల ఉన్న చెట్టు మీద పడింది. మమ్మల్ని అది తాకలేదు. చాలామందికి దెబ్బ తగిలేది ఇలాగే, నేరుగా కాదు, నేల మీదుగా పాకే విద్యుత్తుతో. నా కాళ్ళు మొద్దుబారిపోయాయి, అంతే. వాడు పడిపోయాడు. ఊపిరి ఆడలేదు. నాకు వచ్చినంతలో ఛాతీ మీద నొక్కాను. బతికాడు. కానీ ఇప్పటికీ కుడిచేయి సరిగా పట్టు చిక్కదు, చదివినది గుర్తుండదు. అంతకు ముందు వాడు లెక్కల మాస్టారు.

ఆ తర్వాత ఏడాది పాటు కెమెరా ముట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒకటి నిశ్చయించుకున్నాను. ఇరవై కిలోమీటర్ల కన్నా దగ్గర ఉన్న మేఘాన్ని తీయను. తీసినా గట్టి భవనం లోపలి నుంచే. అంత దూరం నుంచి ఒక్కో ఫ్రేములో వెంట్రుకంత పిడుగు ఒకటి పడుతుంది. వాటిని కలుపుతాను. ఆ రాత్రి ఆ మేఘం ఇచ్చినవాటిని ఒకచోట చేరుస్తాను. ఇదీ నా పద్ధతి.

ఇప్పుడు అర్థమైంది. మీ గొడవ షట్టరు గురించి కాదు, నాలుగో పిడుగు గురించీ కాదు. ప్రాణానికి తెగించి నిలబడినవాడిదే ఫోటో అని మీ లోపల ఉంది. 2013 మే 31న అమెరికాలోని ఓక్లహోమాలో ఎల్ రీనో టోర్నడోలో (భీకరమైన సుడిగాలిలో) తుఫానుల పరిశోధకుడు టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ చనిపోయారు. పదేళ్ళ ముందు సౌత్ డకోటాలో ఒక టోర్నడో దారిలో పరికరం పెట్టి, లోపల గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోయిందని కొలిచిన మనిషి ఆయన. జాగ్రత్తపరుడని పేరు. ఆయన కొలతలు తీసుకురావడానికి వెళ్ళాడు. మనం దేనికి వెళ్తున్నాం? నాలుగు స్పందనలకా, నలభైకా?

పర్యవేక్షకులు:
ఇద్దరూ కాస్త శాంతించండి. చర్చ మూయడం లేదు. వ్యక్తిగత నిందలు వద్దు.

ముసురుగాలి:
రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మీ స్నేహితుడి సంగతి తెలియక కిటికీ మాట అన్నాను. క్షమించండి. ఆయన ఇప్పుడు ఎలా ఉన్నారో వీలైతే చెప్పండి. నా ఫోటో కింద ఎంత దూరంలో, ఏ స్థితిలో తీశానో, అలా తీయకూడదని కూడా రాశాను.

కానీ మీరు అన్నది సగమే నిజం. ప్రాణానికి తెగించడం గొప్ప అని నేను అనుకోవడం లేదు. అక్కడ ఉండటం మాత్రం ముఖ్యమని అనుకుంటాను. వాన రాక ముందే నేల వాసన వస్తుంది. దాగలి కింద సంచుల్లా వేలాడే మేఘాల మీద పొద్దు వాలుతుంది. ఆ క్షణం అలా జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ఫ్రేమే. అది ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి తీసినా సరే, కిటికీ నుంచి తీసినా సరే. కానీ జరిగిన క్షణం అయి ఉండాలి. మీ ఫోటోలోని క్షణం ఎప్పుడూ జరగలేదు.

వాన గడియారం:
నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. "నలభై నిమిషాలు" అని వివరణలో కాకుండా ఫోటో మీదే రాయగలరా?

దూరపు ఉరుము:
రాస్తాను. అది న్యాయమైన కోరిక. నాలుగోదాన్ని తీసేసి, పది పిడుగులతో మళ్ళీ పెడుతున్నాను. మూల ఫ్రేములు కూడా జత చేస్తాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

వాడు బాగానే ఉన్నాడు. ఉరుము వినిపిస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఫోటోలు మాత్రం చూస్తాడు. ఆ పదకొండింటినీ ఎంచింది వాడే.

వేరే విభాగానికి మాత్రం ఒప్పుకోను.

ముసురుగాలి:
ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. పది అయినా అది వేరే విభాగంలోనే ఉండాలి.

నల్లమబ్బు:
మూల ఫ్రేములు చూశాను. ముసురుగాలి గారు చెప్పిందే నిజం, ఆ సన్నటిది కొమ్మే. నాలుగోదే.