వర్డ్ ప్రాసెసింగ్ నేర్పేటప్పుడు ముందు షార్ట్‌కట్లా, పేజీ అమరికా?

చర్చ ప్రారంభించినవారు: కంప్యూటర్ బోధకురాలు

కొత్తగా వచ్చేవారికి వర్డ్ ప్రాసెసింగ్ నేర్పడం నా పని. మొదటి రోజే షార్ట్‌కట్ల (మెనూ తెరవకుండా పని చేయించే మీటల జతల) పట్టిక చేతికిచ్చి కంఠస్థం చేయించడం మాకు అలవాటు. నేను అలాగే నేర్చుకున్నాను, చాలాకాలం అలాగే నేర్పాను. ఇటీవల ఆ పద్ధతిపై నాకు నమ్మకం సడలింది.

కారణం చెబుతాను. కంట్రోల్ + బి ఏం చేస్తుంది, కంట్రోల్ + ఇ ఏం చేస్తుంది అని అడిగితే తడుముకోకుండా చెప్పే విద్యార్థులకు ఒకరోజు 40 పేజీల నివేదిక ఇచ్చి, ప్రతి అధ్యాయమూ కొత్త పేజీలో మొదలుకావాలనీ, ముందు విషయసూచిక ఉండాలనీ చెప్పాను. దాదాపు అందరూ తర్వాతి పేజీ వచ్చేదాకా ఎంటర్ మీట నొక్కుతూ పోయారు. శీర్షికను మధ్యకు తేవడానికి స్పేస్‌బార్ వాడినవారూ ఉన్నారు, కంట్రోల్ + ఇ వారికి కంఠతా వచ్చినా సరే. విషయసూచికను ప్రతి పేజీ చూసి అంకె వేసుకుంటూ చేత్తో టైపు చేశారు.

అందువల్ల కొన్ని వారాలపాటు షార్ట్‌కట్లను పక్కనపెట్టి, కాగితం కొలత, మార్జిన్లు, పేరాగ్రాఫు అమరిక, స్టైళ్లు (శీర్షిక, పేరా వంటివాటికి పేరుపెట్టి దాచుకున్న రూపాలు), పేజీ బ్రేక్, సెక్షన్ బ్రేక్ (పత్రాన్ని వేరువేరు అమరికలున్న భాగాలుగా విడదీసేది) అనే వరుసలో నేర్పాలని అనుకుంటున్నాను. నాతో కలిసి బోధించేవారు దీన్ని ఒప్పుకోవడం లేదు. మీ అభిప్రాయం కావాలి.

టైపింగ్ వృత్తిలో ఉన్నవారు

అమ్మా, మీ ఆవేదన అర్థమైంది, కానీ మందు తప్పనిపిస్తోంది. మీ విద్యార్థులు ఎంటర్ నొక్కుతూ పోవడానికి కారణం వారికి షార్ట్‌కట్లు ఎక్కువగా తెలియడం కాదు, కంట్రోల్ + ఎంటర్ అనే ఒక్క షార్ట్‌కట్ తెలియకపోవడం. పేజీ బ్రేక్ అంటే అదే కదా. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టడమే నాకు నచ్చలేదు.

రోజంతా టైపు చేసేవారికి చేయి మీటల మీదినుంచి మౌస్ దగ్గరకు వెళ్లి మళ్లీ స్థానానికి రావడం ఎంత పెద్ద అంతరాయమో చూసేవారికి తెలియదు. ఆ కాస్త దూరంలోనే రాస్తున్న వాక్యం మనసులోంచి జారిపోతుంది. పైగా సాయంత్రానికి మణికట్టు నొప్పి. నా కుడిచేయి కొన్నేళ్ల క్రితం మొరాయించినప్పుడు ఉద్యోగం నిలిచింది షార్ట్‌కట్ల వల్లనే, కాబట్టి వాటిని అలంకారాలుగా చూడలేను.

వీటి వెనుక ఆలోచన కూడా చిన్నది కాదు. 1970లలో జిరాక్స్ సంస్థ పార్క్ పరిశోధనాలయంలో బ్రావో అనే ఎడిటర్, అంటే రాతను సవరించే సాఫ్ట్‌వేర్, ఉండేది. అందులో ఆదేశాలకూ అక్షరాలకూ అవే మీటలు; ఏ స్థితిలో ఉన్నామన్నది మరచిపోతే ప్రమాదమే. ఆదేశ స్థితిలో ఉన్నామని గమనించక ఎడిట్ అనే ఇంగ్లీషు మాట టైపు చేస్తే, ఇ మొత్తం పత్రాన్ని ఎంపిక చేసేది, డి దాన్ని తుడిచేసేది, ఐ కొత్త రాతకు దారి తెరిచేది, చివరికి తెరమీద టి ఒక్కటే మిగిలేది. అక్కడే పనిచేసిన లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి ఒక పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థ కోసం జిప్సీ అనే ఎడిటర్ తయారుచేశారు. సంపాదకులు కత్తెర, జిగురు పట్టుకుని చేసే పనే అందులో కట్, కాపీ, పేస్ట్ అయింది. 1984లో వచ్చిన మెకింటాష్‌లో అన్‌డూ, కట్, కాపీ, పేస్ట్‌లకు జెడ్, ఎక్స్, సి, వి మీటలు పక్కపక్కనే ఉన్నాయి, నేటికీ మన ఎడమచేతి కింద ఉన్నవి అవే. కొత్తవారికి కంట్రోల్ + జెడ్ ఇచ్చే ధైర్యం మరే పాఠమూ ఇవ్వదు: తప్పు చేసినా వెనక్కి రావచ్చు. అది లేకుండా మార్జిన్లు ముట్టుకోమంటే ఎవరు ముట్టుకుంటారు?

పుస్తకాల డీటీపీ చేసేవారు

నేను బోధకురాలి గారి పక్షం. డీటీపీ అంటే పుస్తకం పేజీలను కంప్యూటర్‌లో అచ్చుకు సిద్ధం చేసే పని. రచయితలు పంపే ఫైళ్లతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

ఒకసారి 200 పేజీలు దాటిన రాతప్రతి వచ్చింది. తెరమీద చూస్తే చక్కగా ఉంది. ప్రతి శీర్షికనూ ఎంచుకుని కంట్రోల్ + బి నొక్కి బోల్డ్ చేశారు, అక్షరం పెద్దది చేశారు, మధ్యకు జరిపారు. వేగంగా, షార్ట్‌కట్లతోనే చేశారు. అధ్యాయాల మధ్య ఎంటర్ గుర్తుల వరుసలు. ఆ ఫైలు అమెరికాలో వాడే లెటర్ కాగితం కొలతలో ఉంది, అంటే 216 × 279 మిల్లీమీటర్లు. నేను దాన్ని 210 × 297 ఉండే ఏ4కు మార్చగానే పేజీ వెడల్పు తగ్గి, పొడవు పెరిగి, ప్రతి అధ్యాయమూ తన చోటు వదిలేసింది. ఒక శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా, మరొకటి పేజీ నడుమ. చేత్తో రాసిన విషయసూచికలో ఒక్క అంకె కూడా సరిపోలేదు. శీర్షికల ఫాంటు మార్చమని రచయిత అడిగినప్పుడు ఆ పని ఎన్ని శీర్షికలుంటే అన్నిసార్లు చేయవలసి వచ్చింది.

అవే శీర్షికలకు హెడింగ్ స్టైల్ వర్తింపజేసి ఉంటే, స్టైల్‌ను ఒక్కచోట సవరించగానే పుస్తకమంతా మారేది. విషయసూచిక దానంతటదే తయారయ్యేది. పేజీలు మారినప్పుడు వర్డ్‌లో ఎఫ్9 నొక్కి తాజా చేసుకుంటే సరిపోయేది. తర్వాతి పేరాతో కలిపి ఉంచే అమరిక హెడింగ్ స్టైల్‌లోనే ఉంటుంది కనుక శీర్షిక అడుగున ఒంటరిగా మిగిలేది కాదు. తెలుగు రాసేవారికి మరో లాభం: తెలుగు అక్షరాలకు ఒక ఫాంటు, ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు స్టైల్‌లోనే నిర్ణయించి పెట్టుకోవచ్చు.

స్పేస్‌బార్‌తో అమర్చే అలవాటు టైప్‌రైటర్ నుంచి వచ్చింది. అందులో ప్రతి అక్షరానికీ వెడల్పు ఒక్కటే కాబట్టి ఖాళీలు లెక్కపెట్టి నిలువు వరుసలు కలపడం కుదిరేది. ఇప్పటి ఫాంట్లలో ఒక్కో అక్షరం ఒక్కో వెడల్పు. తెలుగులో ‘ర’కూ ‘ఝ’కూ ఉన్న తేడా చూడండి. ఎన్ని ఖాళీలు కొట్టినా వరుస కలవదు, కలిసినట్టు కనిపించినా మరో కంప్యూటర్‌లో విడిపోతుంది. ట్యాబ్ స్టాప్ (ట్యాబ్ మీట నొక్కితే రాత ఆగే స్థానం) లేదా పట్టిక పెట్టడం తప్ప మార్గం లేదు.

టైపింగ్ మిత్రులకు ఒక్క మాట. తప్పు పనికి షార్ట్‌కట్ తెలిస్తే తప్పు త్వరగా జరుగుతుంది, అంతే. నేను విప్పిన ముడులన్నీ వేగంగా వేసినవే.

విద్యార్థి

నాది చిన్న సందేహం. వర్డ్‌లో కంట్రోల్ + 1 నొక్కితే వరుసల మధ్య దూరం ఒక వరుసకు తగ్గుతుంది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో అదే నొక్కితే ఆ పేరా మొదటి స్థాయి శీర్షికగా మారిపోతుంది. గూగుల్ డాక్స్‌లో శీర్షికకు కంట్రోల్ + ఆల్ట్ + 1 నొక్కాలి. ఇలా సాఫ్ట్‌వేర్‌కొకటిగా మారేవాటిని కంఠస్థం చేయడం వృథా కాదా? స్టైల్, మార్జిన్ అనే భావనలు ఎక్కడికి వెళ్లినా అవే కదా.

టైపింగ్ వృత్తిలో ఉన్నవారు

బాబూ, మారేది మెనూ కూడా. 2007లో ఆఫీస్‌కు మెనూల స్థానంలో రిబ్బన్ అనే బొత్తాల పట్టీ వచ్చినప్పుడు ఏ ఆదేశం ఏ మూలకు పోయిందో తెలియక అనుభవజ్ఞులే వెతుక్కున్నారు. ఆ రోజున నా పని సాగింది కంట్రోల్ మీట నమ్ముకోవడం వల్లనే. కాపీ, పేస్ట్, సేవ్, ఫైండ్ ఒక్కటీ మారలేదు.

డీటీపీ మిత్రుల మాటకు జవాబు చెప్పాలి. మీ రచయిత తప్పు స్టైల్ వాడకపోవడం, ఒప్పుకుంటాను. అయితే హెడింగ్ స్టైల్ పెట్టడానికి వర్డ్‌లో కంట్రోల్ + ఆల్ట్ + 1 ఉందని ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే, బోల్డ్ చేసి, పెద్దది చేసి, మధ్యకు జరిపే మూడు పనుల బదులు ఆయన ఒక్కటే చేసేవారు. మనిషి చేతికి దగ్గరగా ఉన్నదాన్నే వాడతాడు. మంచి పద్ధతిని చేతికి దగ్గరగా తెచ్చేది షార్ట్‌కట్టే.

తెరచదువరి వాడే పాఠకుడు

ఇంతవరకు అందరూ వేగం గురించి, అందం గురించి మాట్లాడారు. నేను తెరను చూడలేను. తెర మీదున్న రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాను. నాకు ఈ చర్చ రెండు వైపులా వేరుగా వినిపిస్తోంది.

మౌస్ సూచికను చూడలేనివారికి షార్ట్‌కట్ సౌకర్యం కాదు, లోపలికి వెళ్లే ఒకే ఒక్క తలుపు. కాబట్టి కొన్ని వారాలు వాటిని పక్కనపెడతామనే తరగతిలో నాలాంటి విద్యార్థి మొదటి రోజే బయట ఉండిపోతాడు. బోధకురాలి గారు ఈ సంగతి ఆలోచించాలి.

అయితే డీటీపీ చేసేవారు చెప్పింది నాకు మరింత ముఖ్యం. ఎన్‌విడిఎ అనే తెరచదువరిలో బ్రౌజ్ స్థితిలో (మీటలు అక్షరాలు టైపు చేయకుండా పత్రంలో తిరగడానికి పనిచేసే స్థితిలో) హెచ్ మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి తర్వాతి శీర్షికకు వెళ్లవచ్చు. మీరు 40 పేజీల నివేదికను పైపైన తిరగేసి కావలసిన భాగం వెతుక్కున్నట్టే నేనూ వెతుక్కోగలిగేది దానివల్లనే. కానీ ఆ మీట వెతికేది హెడింగ్ స్టైల్‌ను మాత్రమే. బోల్డ్ చేసి పెద్దదిగా చేసిన వరుస మీ కంటికి శీర్షిక, నాకు మామూలు పేరా. అలాంటి పత్రంలో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక లేదనే జవాబు వస్తుంది, ఇక మొదటి అక్షరం నుంచి చివరిదాకా వినాలి. అధ్యాయం మార్చడానికి కొట్టిన ఎంటర్‌లు కూడా ఖాళీ, ఖాళీ, ఖాళీ అని ఒక్కొక్కటిగా వినిపిస్తాయి. ఆ ఫైలును పీడీఎఫ్‌గా మార్చినా ఈ లోపం వెంట వస్తుంది.

కంప్యూటర్ బోధకురాలు

మీరు చెప్పినది చదివాక నా ప్రణాళికను ఉన్నదున్నట్టు కొనసాగించలేను. షార్ట్‌కట్లను పక్కనపెట్టాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పట్టికను మాత్రం మళ్లీ చేతికివ్వను.

మొదటి పాఠంలో కంట్రోల్ + జెడ్ తర్వాత నేర్పేది వర్డ్‌లోని కంట్రోల్ + షిఫ్ట్ + 8 అని నిర్ణయించుకున్నాను. అది నొక్కగానే దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి: ఖాళీకి చుక్క, ట్యాబ్‌కు బాణం, ఎంటర్‌కు పేరాగ్రాఫు గుర్తు. విద్యార్థి తన ఫైలులో ఆ గుర్తుల గుంపులను తానే చూస్తే నేను వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. తర్వాత పేజీ భావనలు ఒక్కొక్కటిగా చెబుతూ, ప్రతి భావనతోపాటు దాని మీటలు ఇస్తాను.

సెక్షన్ బ్రేక్‌ను మాత్రం మెనూలోనే చూపిస్తాను, ఎందుకంటే అక్కడ వేగం కంటే అవగాహన ముఖ్యం. నడుమ ఒక వెడల్పాటి పట్టిక కోసం ఒక్క పేజీని అడ్డంగా తిప్పాలన్నా, ముందుమాటకు రోమన్ అంకెలు వేసి అసలు పాఠాన్ని 1తో మొదలుపెట్టాలన్నా సెక్షన్లు కావాలి. రెండో సెక్షన్ ఫుటర్ (పేజీ అడుగున వచ్చే వరుస) మొదటిదానితో ముడిపడి ఉంటుందని తెలియక, ఒకచోట మారిస్తే మరోచోట మారుతోందని విద్యార్థులు కంగారుపడటం తరచూ చూస్తుంటాను.

పరీక్షలో కూడా ఏ మీట ఏం చేస్తుందని ఇక అడగను. పాడైన ఫైలు ఇచ్చి, అధ్యాయాలన్నీ కొత్త పేజీల్లో మొదలయ్యేలా సరిచేయమంటాను.

పుస్తకాల డీటీపీ చేసేవారు

ఆ పరీక్షకు జవాబుగా ప్రతి అధ్యాయం ముందూ కంట్రోల్ + ఎంటర్ నొక్కిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయకండి. హెడింగ్ స్టైల్ పేరాగ్రాఫు అమరికలో, ముందు పేజీ బ్రేక్ ఉండేలా ఒక గడి ఉంటుంది. దాన్ని ఒకసారి ఎంచుకుంటే ఆ స్టైల్ ఉన్న శీర్షికలన్నీ వాటంతటవే కొత్త పేజీకి వెళతాయి, అధ్యాయం తీసేసినా ఖాళీ పేజీ మిగలదు.

టైపింగ్ వృత్తిలో ఉన్నవారు

ఇన్నేళ్ల పనిలో ఆ గడి నా కంట పడలేదు. ఇప్పుడే పాత ఫైలు ఒకటి తెరిచి, 12 పేజీ బ్రేకులు తీసేసి, స్టైల్‌లో ఆ అమరిక పెట్టి చూశాను. మీరు చెప్పినట్టే జరిగింది. అయినా నా పట్టు ఒకటి వదలను: ఆ శీర్షికలన్నిటికీ స్టైల్ పెట్టడానికి నేను మౌస్ ముట్టుకోలేదు.