వరదకు తడిసిన మామ్మగారి నోటు పుస్తకాలను విడదీయడం ఎలా?

కోనసీమ లంక గ్రామాల్లో ముప్ఫయ్యేళ్లకు పైగా రేవు దాటి వెళ్లి పాఠాలు చెప్పి, ఆ జీతంతోనే ముగ్గురు ఆడపడుచుల పెళ్లిళ్లు చేసి, మమ్మల్నందరినీ పెంచిన మా మామ్మగారు తొంభై మూడో ఏట, గత మాఘమాసంలో కాలం చేశారు. ఆవిడ ట్రంకుపెట్టెలోని నోటు పుస్తకాల్లో నాలుగు 1986 ఆగస్టు గోదావరి వరదలో తడిసి, కాగితాలు అట్టల్లా అంటుకుపోయాయి. ఒండ్రు వాసన ఇంకా పోలేదు. పైకి కనిపిస్తున్న ఒక పుటలో, బడికి రాని పిల్లవాడి పేరు పక్కన "వరికోతలు. కోప్పడకూడదు" అని ఊదా సిరాతో రాసి ఉంది. (మమ్మల్ని మాత్రం బాగానే కోప్పడేవారు.)

సంవత్సరీకం లోపు వీటిని చదివి, ఆవిడ శిష్యులకు ప్రతులు ఇవ్వాలని మా కోరిక. ఆవిరి పడితే సిరా చెదురుతుందా? రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు భద్రపరిచారు కనుక అక్కడ అడగడం మంచిదా, లేక ఈ పని తెలిసినవారు దగ్గరలో ఇంకెవరైనా ఉన్నారా? దయచేసి తెలుపగలరు.