చుక్కలు నిలబడ్తలేవు, ఉంగరాలే వస్తున్నయ్

ప్రశ్న: హన్మకొండల ఎంటెక్ చేస్తున్న. ఫైబర్‌ల కాంతితోటి డేటా పంపుడు: రెండు పోలరైజేషన్ల (కాంతి ఊగే రెండు దిక్కుల) 16-క్వామ్ (ఒక్కో సింబల్ 16 చుక్కలల్ల ఒకటి), 80 కిలోమీటర్ల మామూలు సింగిల్ మోడ్ ఫైబర్, అంతా సిమ్యులేషనే. 1550 నానోమీటర్ల దగ్గర డిస్పర్షన్ (ఫైబర్‌ల పోంగ పోంగ పల్స్ సాగుడు) నానోమీటరుకు, కిలోమీటరుకు 17 పికోసెకన్లు అనుకోని తీసేసిన. సీఎంఏ ఈక్వలైజర్ (సింబల్ సైజును చూసి సిగ్నల్‌ను సరిచేసే ఫిల్టర్) కూడా పెట్టిన. 16 చుక్కలు రావాల్సిన కాడ మూడు ఉంగరాలు, బతుకమ్మ పేర్చినట్టు! మా అమ్మ చూసి "మంచిగనే ఉంది గదా" అంటది. మూడు రోజులైంది, ఎక్కడ తప్పు?

జవాబు: చెల్లే, సగం పనైంది. 16-క్వామ్‌కు ఉన్న వ్యాసార్థాలే (నడుమ నుంచి చుక్కల దూరాలే) మూడు. సీఎంఏ వ్యాసార్థాన్నే చూస్తది, ఫేజ్ (చుక్క ఉన్న కోణం) దానికి పట్టదు. పంపే లేజర్‌కు, రిసీవర్ లేజర్‌కు ఫ్రీక్వెన్సీ తేడా ఉంటే మొత్తం గిర్రున తిరుగుతది. సింబళ్లను నాలుగో ఘాతానికి ఎత్తి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే లెక్క) తియ్యి. శిఖరం ఉన్న ఫ్రీక్వెన్సీని 4తో భాగిస్తే ఆ తేడా దొరుకుతది. అది తీసేసినంకనే ఫేజ్ వెతుకు. ఇంకోటి, ఈక్వలైజర్ రెండు అవుట్‌పుట్లూ ఒకే పోలరైజేషన్‌ను పట్టుకున్నయేమో చూడు. నేను దాంతోటి వారం పోగొట్టుకున్న.

ప్రశ్న అడిగినామె: అన్నా, చుక్కలు నిలబడ్డయ్! కానీ సగం బిట్లు తప్పే.

ఇంకో జవాబు: చుక్కల బొమ్మ 90 డిగ్రీలు తిరిగి ఆగింది కావచ్చు. చదరం గదా, తిప్పినా అట్లనే కనబడ్తది. మధ్యమధ్యల తెలిసిన పైలట్ సింబళ్లు పెట్టు, లేకుంటే డిఫరెన్షియల్ కోడింగ్ (ముందటి సింబల్‌తోటి ఉన్న తేడాల డేటా పెట్టుడు) చెయ్యి.

ప్రశ్న అడిగినామె: అదే! తిప్పంగనే సరిపోయింది. అమ్మకు చూపిస్తే "ఇందాకటిదే మంచిగుండె" అన్నది.