అల్లర్లతో ఒరిగేదేమైనా ఉందా?

దేవరకొండ సభ్యుడు:
అల్లర్లు పనీపాటా లేనివాళ్ల ఆగడమని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. 1875 మే నెలలో పుణె జిల్లా సూపాలో షావుకార్ల మీద తిరగబడ్డ రైతులు ముఖ్యంగా వెతికింది అప్పు పత్రాల కోసం, చేతికందినవాటిని తగలబెట్టారు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక పత్తి ధరలు పడిపోయి, కొత్త అప్పు పుట్టక, శిస్తు మాత్రం పెరిగి, తాము చదవలేని పత్రమే కోర్టులో తమ మీద సాక్ష్యంగా నిలిచిన కాలమది. ప్రభుత్వం విచారణ సంఘం వేసి, 1879లో చట్టం తెచ్చి, అప్పు తీర్చలేదని రైతును ఖైదు చేయడాన్ని ఆపింది. నాగు వడ్డీకి, అంటే ధాన్యం అప్పుకు ధాన్యంగానే కట్టే వడ్డీకి, కల్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చిన తాతల మనవలం మనం, ఆ కోపం మనకు కొత్తదేమీ కాదు.

మిర్యాలగూడ సభ్యురాలు:
అన్నగారూ, సూపా రైతులకు ఏది కాల్చాలో తెలుసు. మా ఊళ్లో ఒక బంద్ నాడు బస్టాండు ఎదుట మా మేనమామ ఇడ్లీ బండి కాలిపోయింది. ఆ బంద్ డిమాండుతో ఆయనకూ పేచీ లేదు, పొద్దున చందా కూడా ఇచ్చాడు. సాయంత్రం బూడిదలో ఇడ్లీ రేకులు ఏరి, వంకరపోని రెండింటిని తువ్వాలుతో తుడిచి పక్కన పెట్టుకున్నాడు. ఇక మన చరిత్రకే వస్తే, 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొరల పెత్తనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య తూటాకు బలైన తర్వాత తెలంగాణ రైతాంగ పోరాటం ఊరూరా పాకిందంటే, వెట్టికి ఎదురు నిలిచిన సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, అంతకుముందే పల్లెల్లో వేళ్లూనుకుని ఉండబట్టే. ఒక్కరోజు ఆవేశానికి అంత బలం ఉండదు.

దేవరకొండ సభ్యుడు:
సంఘం మాట ఒప్పుకుంటాను చెల్లెమ్మా. అయితే 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం పాలకుల దయవల్ల వచ్చాయని అనలేం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో గాంధేయవాది వినోబా భావే ముందు భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేని పేదలకు 100 ఎకరాలు ఇస్తానన్నది కూడా చుట్టుపక్కల పోరు సాగుతున్న రోజుల్లోనే. ఆయన మంచితనాన్ని శంకించను గానీ, ఆ వేడి లేకుంటే వినోబా ఇటు వచ్చేవారే కాదేమో. ఇంతకీ మీ మేనమామకు పరిహారం ముట్టిందా?

మిర్యాలగూడ సభ్యురాలు:
దరఖాస్తు ఇచ్చాం. బండి ఆయనదేనని చూపే లైసెన్సు కాగితం తెమ్మన్నారు. అది బండి గల్లాపెట్టెలోనే ఉండేది.