అప్‌డేట్: నాన్నగారి గాలానికి లైసెన్స్ అవసరం పడలేదు

ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు టెక్సస్ స్టేట్ పార్కులో చేపలు పట్టాలంటే లైసెన్స్ కావాలా అని ఇదివరకు అడిగాను. అక్కర్లేదండీ. పార్కు లోపల ఒడ్డు మీద నుంచో, పియర్ (నీళ్లలోకి కట్టిన వంతెన లాంటిది) మీద నుంచో గాలం వేస్తే ఎవరికైనా లైసెన్స్ మినహాయింపు ఉంది. ప్రవేశ రుసుము మాత్రం మామూలే. ఎన్ని చేపలు, ఎంత పొడవు అనే పరిమితులూ వర్తిస్తాయి.

ఒక్క జాగ్రత్త: పార్కు దాటి విస్తరించిన చెరువులో పడవ ఎక్కి పడితే లైసెన్స్ ఉండాలి. అందుకే కయాక్ (చిన్న తెడ్డు పడవ) ఆలోచన మానేశాం.

చాలా పార్కుల్లో గాలం కర్రలు ఉచితంగా అరువిస్తారు, మాకూ దొరికాయి. మొన్న శనివారం సీడార్ హిల్ స్టేట్ పార్కులో వానపాము ఎరకి క్యాట్‌ఫిష్ పడింది. ఊరి చెరువు గట్టు మీద కూర్చున్నట్టే ఉందిరా అన్నారు నాన్నగారు. ఆ రోజు ఆయన ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.