టోక్యోలో తొలి రోజులు: నిషి కసాయికి వస్తున్నవారికి

ప్రశ్న: ఉద్యోగరీత్యా త్వరలో టోక్యోలో మనదేశంవారు ఎక్కువగా ఉండే నిషి కసాయి ప్రాంతానికి వస్తున్నాను. భార్య, పాప తరువాత వస్తారు. మొదట ఏ పనులు చక్కబెట్టుకోవాలో, ఇంటి నుంచి ఏమి తెచ్చుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు: నమస్కారమండీ. ఇక్కడికి రాగానే మనవాళ్ళకు కొత్తగా తోచేది నిశ్శబ్దం. ఉదయం పూట నిషి కసాయి మీదుగా పోయే తోజాయి మెట్రో లైను రైల్లో కాలు మోపే చోటు లేకపోయినా ఫోనులో మాట్లాడేవారు దాదాపు కనిపించరు. దానిని ముభావంగా భావించి నొచ్చుకునేవారున్నారు గానీ, నా దృష్టిలో అది ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద మాత్రమే. ఆ మర్యాద ఇంట్లోనూ పాటించాలి కనుక, రాత్రి పొద్దుపోయాక మిక్సీ వేయకండి.

అన్నిటికంటే ముందు చిరునామా సంగతి చూసుకోండి. నరితా విమానాశ్రయంలో గానీ హనేదా విమానాశ్రయంలో గానీ దిగగానే నివాస కార్డు ఇస్తారు. ఇల్లు కుదిరి అందులో చేరిన 14 రోజుల లోపల వార్డు కార్యాలయానికి వెళ్ళి నమోదు చేయించుకుంటే, ఆ కార్డు వెనుక మీ చిరునామా ముద్రిస్తారు. బ్యాంకు ఖాతాకూ, ఫోనుకూ ఆ వెనుక వైపే అడుగుతారు. అద్దె ఇంటికి అడ్వాన్సుతో పాటు ‘రెయికిన్’ అని తిరిగిరాని సొమ్ము కూడా అడగవచ్చు. యూఆర్ అనే ప్రభుత్వ అనుబంధ సంస్థ అద్దెకిచ్చే ఇళ్ళకు అదీ లేదు, హామీదారు అవసరమూ లేదు, ఆదాయ షరతు మాత్రం ఉంటుంది. ఇంట్లో చేరే రోజున గ్యాసు మనిషి వచ్చి తనిఖీ చేసి కనెక్షన్ ఇస్తాడు, అప్పుడు మీరు ఇంట్లో ఉండి తీరాలి.

చెత్త విషయంలో మాత్రం జాగ్రత్త. కాలేది, కాలనిది, సీసాలు, డబ్బాలు, కాగితం, ఇలా వేరు చేసి, దేనికి చెప్పిన రోజున దానిని పెట్టాలి. కాకులు చింపకుండా సంచుల మీద వల కప్పుతారు. రోజు తప్పి పెట్టిన సంచికి కాగితం అంటించి అక్కడే వదిలేసి పోతారు, అది వీధి వీధంతా చూస్తుంది.

మరొకరి జవాబు: పై వారు సామాను గురించి చెప్పలేదు కనుక నేను చెబుతాను. ఇక్కడి కరెంటు 100 వోల్టులు. మన మిక్సీ, గ్రైండరు ట్రాన్స్‌ఫార్మరు లేనిదే సరిగా పనిచేయవు. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం కుక్కరు కూడా దండగే. ఆవకాయ తెచ్చుకోండి, కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసంతో చేసినవేవీ క్వారంటైన్ వారు రానివ్వరు. డాక్టరు రాసిన మందులు నెలకు మించి తెచ్చుకోవాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. పప్పులు, సోనా మసూరి బియ్యం నిషి కసాయి దుకాణాలలోనే దొరుకుతాయి, వాటితో పెట్టె నింపుకోకండి. శాకాహారులైతే మిసో సూపు (సోయా ముద్దతో చేసేది) కూడా ఏమి వేశారో అడిగాకే తాగండి, అందులో సాధారణంగా చేపల రసం ఉంటుంది.

పన్ను గురించి ఒక మాట. నివాస పన్నును అంతకు ముందు సంవత్సరపు ఆదాయం మీద, జనవరి 1న ఇక్కడ నివసిస్తున్నవారికి లెక్కకట్టి, జూన్ జీతం మొదలుకొని నెలనెలా కోస్తారు. అందువల్ల తొలి ఏడాది ఈ కోత లేకుండా చేతికి వచ్చే జీతాన్ని నమ్ముకుని పెద్ద అద్దె ఒప్పుకోకండి.