సిట్రిక్ యాసిడ్ పడక పేగుల్లో వాపు వస్తుందా?

ప్రశ్న:
రెండు నెలలుగా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ప్యాకెట్ డ్రింకు తాగిన రోజు సాయంత్రానికల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, పొట్ట ఉబ్బరం. ఖాళీ డబ్బాలన్నీ వరసగా పెట్టి లేబుళ్లు చదివితే అన్నిట్లోనూ ఇ330 ఉంది, అంటే సిట్రిక్ యాసిడ్. మరి నిమ్మరసం గ్లాసుడు తాగినా నాకేం కాదు! అందులో ఉన్నదీ అదే కదా? పేగుల్లో వాపు వస్తుందని ఏదో పరిశోధన చెప్పిందట. ఎవరైనా చదివారా?

జవాబు 1:
చదివాను. 2018లో టాక్సికాలజీ రిపోర్ట్స్ అనే పత్రికలో వచ్చింది. అణువు ఒకటే, పుట్టుక వేరు. ఫ్యాక్టరీ సరుకు నిమ్మకాయల్ని పిండి తీసింది కాదు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజుకి చక్కెర మేపి తీస్తారు. 1917లో జేమ్స్ కర్రీ ఈ దారి చూపించాక నిమ్మకాయల అవసరం తగ్గిపోయింది. శుద్ధి చేశాక కూడా బూజు తాలూకు ముక్కలు మిగిలి కొందరి ఒంట్లో వాపు రేపుతాయేమోనని ఆ రచయితల అనుమానం. అయితే వాళ్లు చూపించింది నలుగురు రోగుల్నే. ఆ నలుగురి మాట పట్టుకుని ఇ330ని దోషి అనలేం.

జవాబు 2:
దీని మీద పుకార్లకేం కొదవలేదు. 1976లో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం ఇ330ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఒంట్లో తిండి నుంచి శక్తి తీసే, సిట్రిక్ యాసిడ్ పాలుపంచుకునే రసాయన చర్యల వరసని క్రెబ్స్ సైకిల్ అంటారు. ఆ పేరు చూసి పొరబడ్డారంటారు, జర్మన్‌లో క్రెబ్స్ అంటే క్యాన్సర్ కూడా మరి!
మీ డబ్బాల మీద సార్బిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉందేమో చూడండి. చిన్నపేగు దాన్ని పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. అది ఉబ్బరమే, వాపు కాదు. నిజంగా వాపుందో లేదో తెలియాలంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగుల్లో వాపుంటే పెరిగే ప్రొటీన్) టెస్ట్ ఉంది, డాక్టర్ని అడగండి. రక్తం పడినా, బరువు తగ్గుతున్నా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే వెళ్లండి.

అడిగినవారు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. డ్రింకులు మానేసి, రోజూ గ్లాసుడు నిమ్మరసం తాగాను. కొన్ని రోజులు మా ఆవిడ నాకు చెప్పకుండా అందులో చిటికెడు నిమ్మ ఉప్పు (అంటే కొట్లో దొరికే సిట్రిక్ యాసిడ్) కలిపి, ఏ రోజు కలిపిందో చీటీలో రాసి దాచింది. నొప్పి ఒక్కరోజే వచ్చింది. చీటీ చూస్తే ఆ రోజు ఉత్త నిమ్మరసమే! అదే రోజు షుగర్‌లెస్ చూయింగ్ గమ్ పొట్లం ఖాళీ చేశానని నోట్‌బుక్‌లో ఉంది. దాని మీద మొదటి పేరే సార్బిటాల్. పాత డబ్బాలు మళ్లీ బయటికి తీస్తున్నాను.